దూడని చేసింది మనవాళ్ళే: శ్రీకాకుళం, విజయనగరం అయ్యగార్లకి బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వాక్యం చెప్పే పాస్టర్ అయ్యగార్లందరికీ, అమ్మగార్లకి, సంఘ పెద్దలకి, ఊరూరా కూటాలు (సువార్త సభలు) పెట్టే కమిటీ అన్నయ్యలకి ప్రభువు పేరిట వందనాలు.

నేను శ్రీకాకుళం టౌన్‌లో ఉంటాను, పుట్టిల్లు సోంపేట వైపు. సెమినరీ చదువు లేదు, స్టేజి ఎక్కి ప్రసంగించిందీ లేదు, ఆదివారం పొద్దున్న సండే స్కూల్లో పిల్లలకి కథలు చెప్తాను అంతే. ఈ లేఖ రాయించింది కూడా వాళ్ళే అనుకోండి. మొన్న బంగారు దూడ కథ చెప్తుంటే ఒక కుర్రోడు చెయ్యెత్తి "టీచర్, ఆ దూడని చేసింది హిందువులా?" అనడిగాడు. మిగతా పిల్లలు నవ్వలేదు, వాళ్ళకీ అదే డౌటు ఉన్నట్టుంది. తప్పు వాడిది కాదండి, వాడు పుట్టినప్పట్నించీ కూటాల్లో విగ్రహం అన్న మాట వచ్చిన ప్రతిసారీ స్టేజి మీద చెయ్యి రోడ్డుకి అవతలివైపే చూపించింది, గుడివైపే చూపించింది, మరి వాడు ఇంకేటి అనుకుంటాడు.

దూడని చేసింది అహరోను. మోషేకి స్వయానా అన్న, యాజకుడిగా దేవుడు పేరు పెట్టి పిలిచిన మనిషి. బంగారం ఇచ్చింది ఎర్రసముద్రం ఆరిన నేల మీద దాటిన జనం, పొద్దున్నే మన్నా ఏరుకుని తిన్న జనం, భార్యల చెవులవీ కొడుకుల చెవులవీ కూతుళ్ళ చెవులవీ పోగులు తీసి మరీ ఇచ్చేరు. ఇంకో సంగతి మనం ఎప్పుడూ చదవకుండా దాటేస్తాం, దూడ తయారయ్యాక అహరోను బలిపీఠం కట్టి ఏమని చాటించాడు? రేపు యెహోవాకి పండుగ అని. బయలు దేవతకి పండుగ అనలేదు, ఐగుప్తు దేవతల పేరు ఎత్తలేదు. పేరు యెహోవాదే, పాట యెహోవాకే, ముందర నిలబెట్టింది మాత్రం దూడ. నిర్గమకాండం 32 తెరిచి అయిదో వచనం దగ్గర ఆగి చూడండి, మీకు తెలీదని కాదు, ప్రసంగంలో అది ఎందుకు రాదో అని అడుగుతున్నాను. తర్వాత మోషే వచ్చి నిలదీస్తే అహరోను చెప్పిన జవాబు వింటే మా పిల్లలు పడీ పడీ నవ్వుతారు: వాళ్ళు బంగారం ఇచ్చారు, నిప్పుల్లో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది అంటాడు. దానంతటదే వచ్చేసిందట. సంఘం లెక్కలు అడిగినప్పుడు మన కమిటీల్లో ఇలాంటి జవాబులు నేను బోలెడు విన్నాను, సరే ఆ గొడవ ఇక్కడ వద్దు.

దేవుడు ఏం చేశాడన్నది అసలు విషయం. కోపగించాడు, నిజమే. దూడని కాల్చి పొడి చేసి నీళ్ళలో కలిపి ఆ జనం చేతే తాగించాడు మోషే, ఆ రోజు మూడు వేల మంది కత్తికి పడ్డారు, అది దాచమని నేను అనను, పిల్లలకి కూడా దాచకుండా చెప్తాను. కానీ మన ప్రసంగాలు అక్కడితో ఆగిపోతాయి. 33వ అధ్యాయంలోకి వెళ్ళండి, దేవుడు మోషేతో అంటాడు: మీరు బయల్దేరండి, మీ పితరులకి మాటిచ్చిన దేశం ఇస్తాను, ముందు దూతని పంపిస్తాను, కనానీయుల్ని అమోరీయుల్ని వెళ్ళగొడతాను, పాలు తేనెలు పారే దేశానికి పొండి, నేను మాత్రం మీతో రాను. చూడండి అయ్యగారూ, అన్నీ వచ్చేశాయి. దేశం వచ్చింది, దూత వచ్చాడు, శత్రువులు పోయారు, పాలు తేనెలు వచ్చాయి. మన ఊళ్ళలో ఆశీర్వాద కూటాల ఫ్లెక్సీల మీద రాసేవన్నీ ఈ లిస్టులో ఉన్నాయి, ఇల్లు, ఉద్యోగం, శత్రువు మీద విజయం, అన్నీ. ఆయన ఒక్కడే లేడు. బైబిల్లో అది బహుమతి కాదండి, దుర్వార్త. ఆ మాట విని జనం ఏడ్చి ఒంటిమీద నగలు తీసేశారు. మోషే అయితే నువ్వు రాకపోతే మమ్మల్ని ఇక్కణ్ణించి కదిలించొద్దు అన్నాడు. ఇవాళ మన కూటంలో స్టేజి మీద నుంచి ఎవరైనా "మీకు అన్నీ ఇస్తాను, నేను మాత్రం రాను" అని దేవుడు అంటున్నాడని చెప్తే ఎంతమంది ఏడుస్తారు, ఎంతమంది ఆమెన్ అని చప్పట్లు కొడతారు? నాకైతే రెండోదే ఎక్కువ కనిపిస్తోంది.

దానికి ముందు 32వ అధ్యాయంలోనే ఇంకోటి. దేవుడు మొదట మోషేతో "నీ ప్రజలు చెడిపోయారు" అంటాడు, మోషే తిరిగి "నీ ప్రజలే కదా ప్రభూ" అంటాడు. తప్పు చేసిన పిల్లాడి గురించి అమ్మానాన్న "నీ కొడుకు" "నీ కొడుకే" అనుకున్నట్టే ఉంటుంది. మోషే అక్కడితో ఊరుకోకుండా వాళ్ళని క్షమించకపోతే నీ పుస్తకంలోంచి నా పేరు తుడిచెయ్యి అన్నాడు. విగ్రహారాధన గురించి ప్రసంగించే అర్హత అలాంటోడిది. మన దగ్గర మైకు పట్టుకుని "నాశనమైపోతారు" అని అరిచేవాళ్ళలో ఎంతమంది ఆ నాశనమయ్యేవాళ్ళ కోసం తన పేరు కొట్టేసుకోడానికి సిద్ధంగా ఉన్నారో వాళ్ళకే తెలియాలి.

ఇప్పుడు అరసవల్లి సూర్యుడి గుడి సంగతికి వస్తాను, ఇది చెప్పకపోతే లేఖ రాసి దండగ. రథసప్తమి దగ్గరపడితే టౌన్ అంతా జనమే, ఎక్కడెక్కడి నుంచో వస్తారు, మా వీధిలోంచి కూడా పోతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన కూటాలు కూడా ఉంటాయి, యెహెజ్కేలు 8వ అధ్యాయం బయటికొస్తుంది, తూర్పు తట్టు తిరిగి సూర్యుడికి మొక్కే ఆ ఇరవై అయిదు మంది, ఇక స్పీకరు గారికి పండగే. పక్కనే అరసవల్లి ఉంది కదా, వేరే ఉదాహరణ ఎందుకు. కానీ ఆ ఇరవై అయిదు మంది ఎక్కడ నిలబడ్డారు? యెరూషలేములో, యెహోవా మందిరంలో, మంటపానికీ బలిపీఠానికీ మధ్యన. మందిరానికి వీపు పెట్టి నిలబడ్డారు. వాళ్ళు ఎవరి భక్తులు? యెహోవా భక్తులే. సూర్యుడి గుడికి వచ్చిన సూర్యభక్తుల గురించి ఆ అధ్యాయంలో ఒక్క ముక్క లేదు.

ఆ అధ్యాయం ఎలా నడుస్తుందో చూడండి, నాకు బైబిల్లో బాగా భయం వేసే అధ్యాయం అది. క్రీ.పూ. 592లో, యెహెజ్కేలు బబులోను చెరలో తన ఇంట్లో కూర్చుని ఉన్నాడు, యూదా పెద్దలు ఎదురుగా కూర్చున్నారు, దేవుడు అతన్ని తలవెంట్రుకలు పట్టి దర్శనంలో యెరూషలేముకి తీసుకుపోతాడు. తీసుకెళ్ళి గుమ్మం దగ్గర నుంచి లోపలికి నడిపిస్తూ ఒక్కొక్కటీ చూపిస్తాడు, ఇది చూశావా, ఇంతకన్నా ఘోరం చూపిస్తాను రా అంటాడు. ముందు ఉత్తరపు గుమ్మం దగ్గర ఒక విగ్రహం. తర్వాత గోడలో కన్నం, తవ్వి లోపలికి వెళ్తే గోడల నిండా పాకే జంతువుల బొమ్మలు, చీకట్లో డెబ్బై మంది పెద్దలు ధూపార్తులు పట్టుకుని నిలబడి "యెహోవా మనల్ని చూడట్లేదులే" అనుకుంటున్నారు. ఆ డెబ్బై మందిలో పేరు పెట్టి రాసింది ఒక్కణ్ణే, షాఫాను కొడుకు యజన్యాని. యోషీయా రాజుకి ధర్మశాస్త్ర గ్రంథం చదివి వినిపించిన శాస్త్రి పేరు కూడా షాఫానే, చాలామంది పండితులు అదే ఇల్లంటారు. అదే నిజమైతే, తండ్రి చదివిన గ్రంథం విని రాజు బట్టలు చింపుకున్నాడు, కొడుకు చీకటి గదిలో ధూపం వేస్తున్నాడు. పాస్టర్ గారి అబ్బాయి పాస్టర్ అయ్యే మన సంఘాలు ఈ వచనం కాస్త ఎక్కువ సేపు చూడాలి. ఆ తర్వాత బబులోను దేవుడు తమ్మూజు కోసం ఏడ్చే ఆడవాళ్ళు, ఆఖర్న మందిరానికి వీపు పెట్టిన ఆ ఇరవై అయిదు మంది. లోపలికి పోతున్న కొద్దీ, దేవుడికి దగ్గరవుతున్న కొద్దీ ఎక్కువవుతోంది.

9వ అధ్యాయంలో తీర్పు మొదలవుతుంది, దేవుడు స్పష్టంగా చెప్తాడు, నా పరిశుద్ధస్థలం దగ్గరే మొదలుపెట్టండి అని. మొదలుపెట్టింది ఎవరితో? మందిరం ముందున్న పెద్దలతో. పేతురు కూడా ఇదే మాట అంటాడు, తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని. ఆమోసు 3:2 ఇంకా ఘాటు, భూమ్మీద వంశాలన్నిటిలో మిమ్మల్నే నేను ఎరిగి ఉన్నాను కాబట్టి మీ దోషాలకి మిమ్మల్నే శిక్షిస్తాను అంటాడు. కాబట్టి! మనం అయితే "మిమ్మల్నే ఎరుగుదును కాబట్టి మీకేం కాదు" అని చదువుకుంటాం. ఆ తర్వాత 10, 11 అధ్యాయాల్లో యెహోవా మహిమ మందిరం వదిలి వెళ్ళిపోతుంది, అదీ ఒక్కసారిగా కాదు, కెరూబు మీద నుంచి గడప దగ్గరికి, గడప దగ్గర నుంచి తూర్పు గుమ్మానికి, అక్కణ్ణించి ఊరికి తూర్పున ఉన్న కొండ మీదికి. ఒక్కో చోట ఆగి ఆగి వెళ్తుంది, వెళ్ళబుద్ధి కానట్టు. మందిరం తగలబడింది క్రీ.పూ. 586లో. ఆయన వెళ్ళిపోయిన కొన్నేళ్ళదాకా లోపల ఆరాధన మామూలుగానే జరిగిందన్నమాట, ధూపం వేశారు, పాటలు పాడారు, లోపలున్నాయన లేడని ఒక్కరికీ తెలీలేదు.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీలో కొందరు మాట్లాడింది నాకు ఇంకా మర్చిపోవడం రావట్లేదు. 11వ తేదీ తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటింది, ఉద్దానం ఉద్దానమే పడిపోయింది, ముప్పై నలభై ఏళ్ళ కొబ్బరి చెట్లు, జీడి తోటలు వేళ్ళతో లేచిపోయాయి, కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. నవరాత్రులు మొదలైన రోజుల్లోనే వచ్చింది కాబట్టి ఒక కూటంలో ఒకాయన, పేరెందుకు లెండి, విగ్రహాలకి పండగ చేస్తుంటే దేవుడు ఊదేశాడు అన్నాడు. జనం స్తోత్రం అన్నారు. మా ఊరి చర్చి రేకులు ఎగిరి చెరువులో పడ్డాయి, ఆ ఊరి విశ్వాసుల తోటలు కూడా పోయాయి, దేవుడు గురి తప్పాడా మరి? లూకా 13లో యేసు ప్రభువు ముందు కూడా ఇలాంటి సంగతే ఎత్తారు కదా. సిలోయము గోపురం పడి చచ్చిపోయిన ఆ పద్దెనిమిది మంది యెరూషలేములో అందరికన్నా పాపులనుకుంటున్నారా, కాదు, మీరు మారుమనసు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారు అన్నాడు. "మీరూ" అని విన్నవాళ్ళతో అన్నాడు. పోయినవాళ్ళ పాపం లెక్కకట్టలేదు. ఆయనే లెక్కకట్టని చోట మనం క్యాలిక్యులేటర్ తీసుకుని కూర్చున్నాం.

ఇప్పుడు మన ఇంట్లో దూడ గురించి. మా పిన్ని కవిటి మండలంలో ఉంటుంది. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మీకు చెప్పక్కర్లేదు, అక్కడ ఇంటికొచ్చిన చుట్టాన్ని కాఫీ తాగుతావా అని అడిగేలోపు క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష) ఎంతుందని అడుగుతారు. పిన్నికీ వచ్చింది. ఆమె ఇంట్లో గోడకి ఒక గూడు ఉంది, ఒకప్పుడు దేవుడి పటాలు పెట్టిన గూడు, బాప్తిస్మం తీసుకున్నప్పుడు పటాలు తీసేసింది. ఇప్పుడు ఆ గూట్లో ఒక ప్లాస్టిక్ సీసా ఉంది, కొబ్బరి నూనె, మీద స్టిక్కర్, స్టిక్కర్ మీద ఒక అయ్యగారూ అమ్మగారూ కోటూ పట్టుచీరా వేసుకున్న ఫోటో, కింద ఫోన్‌పే నంబరు. పక్కనే డిసెంబర్ 31 రాత్రి తీసిన వాగ్దాన కార్డు, దానికి ప్లాస్టిక్ కవరు. పొద్దున్నే లేచి ముందు ఆ సీసాకి దణ్ణం పెట్టుకుంటుంది, చేతులు కళ్ళకద్దుకుంటుంది, చిన్నప్పుడు పటాలకి ఎలా చేసేదో అచ్చం అలాగే. చెన్నైలో బిల్డింగ్ పనికి పోయిన కొడుకు పంపిన డబ్బుల్లోంచి "విత్తన కానుక" కట్టింది. స్వస్థత కూటంలో స్టేజి మీద నుంచి విశ్వాసం ఉన్నవాళ్ళు మాత్రలు పారేయండి అన్నారట, పారేసింది. ఇప్పుడు డయాలసిస్ మీద ఉంది.

నూనె రాసి ప్రార్థన చెయ్యమని యాకోబు పత్రిక 5లో ఉంది కదా అంటారు మీరు. ఉంది. ఇత్తడి సర్పాన్ని చెయ్యమన్నది కూడా దేవుడే. సంఖ్యాకాండం 21లో పాము కరిచినవాళ్ళు దానివంక చూసి బతికారు. మంచి వస్తువు, దేవుడు చెప్పి చేయించిన వస్తువు, నిజంగా స్వస్థత జరిగిన వస్తువు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత హిజ్కియా రాజు దాన్ని ముక్కలు ముక్కలు చేశాడు, ఎందుకంటే జనం దానికి ధూపం వేస్తున్నారు. మోషే చేతులతో చేసింది అని ఆగలేదు. రెండో రాజుల గ్రంథం 18లో అలా పగలగొట్టినందుకు హిజ్కియాని మెచ్చుకున్నారు. మన సంఘాల్లో అలాంటి రాజు ఒక్కడైనా లేచి ఆ స్టిక్కర్ సీసా పగలగొడితే కమిటీ మీటింగ్ పెట్టి సభ్యత్వం తీసేస్తాం.

న్యాయాధిపతులు 17, 18లో మీకా కథ ఉంది చూడండి, అది పిల్లలకి చెప్పను గానీ పెద్దలకి చెప్పాలి. వాళ్ళమ్మ డబ్బు పదకొండు వందల వెండి నాణేలు దొంగిలిస్తాడు, శాపానికి భయపడి తిరిగిస్తాడు, ఆవిడ ఆ డబ్బు యెహోవాకి ప్రతిష్ఠించాను అంటూనే అందులోంచి రెండు వందలు తీసి కంసాలికిచ్చి విగ్రహం చేయిస్తుంది. మీకా ఒక లేవీయుణ్ణి ఏడాదికి పది వెండి నాణేలు, ఒక జత బట్టలు, భోజనం అని మాట్లాడుకుని ఇంట్లో యాజకుడిగా పెట్టుకుంటాడు. పెట్టుకుని, లేవీయుడు నా ఇంట్లో ఉన్నాడు ఇంక యెహోవా నాకు మేలు చేస్తాడు అనుకుంటాడు. తర్వాత దాను గోత్రంవాళ్ళు వచ్చి ఒక్క ఇంటికి యాజకుడిగా ఉండటం మేలా, ఒక గోత్రానికి ఉండటం మేలా అంటే లేవీయుడు సంతోషంగా విగ్రహాన్ని కూడా పట్టుకుని వాళ్ళతో వెళ్ళిపోయాడు. పెద్ద సంఘం, పెద్ద జీతం. మీకా వెనకాల పరిగెడుతూ నేను చేయించుకున్న దేవుళ్ళని, నా యాజకుణ్ణి పట్టుకుపోయారు, నాకింకేం మిగిలింది అని ఏడ్చాడు. విచిత్రం ఏటంటే ఈ కథ మొత్తంలో దేవుడు ఒక్క మాట మాట్లాడడు, నిప్పు కురిపించడు, భూమి చీల్చడు. వాళ్ళ దారిన వాళ్ళని పోనిచ్చాడు. నాకు అది మూడు వేల మంది చచ్చిపోయిన దానికన్నా భయంగా ఉంటుంది.

కులం గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే అందరికీ తెలిసిందే. ప్రభువు బల్ల దగ్గర ఒకటే రొట్టె, పెళ్ళి సంబంధం దగ్గరకొచ్చేసరికి "మనోళ్ళేనా" అన్నదే మొదటి ప్రశ్న, పేటకో సంఘం. ధనాపేక్ష విగ్రహారాధన అని కొలస్సయి 3:5లో ఉంది, అది దాచుకోడానికి లేదు. రెండు వందల కుటుంబాలున్న సంఘంలో కట్నం తీసుకున్నందుకు ఎవర్నైనా బల్లకి దూరం పెట్టడం నేను చూళ్ళేదు, గుడి ప్రసాదం తిన్నందుకు పెట్టడం చూశాను.

ద్వితీయోపదేశకాండం 12లో బలిపీఠాలు పడగొట్టండి అని రాసుంది కదమ్మా అని మీలో కొందరు అంటారు, ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా పోవడం పద్ధతి కాదు. రాసుంది. అది కనానులోకి వెళ్తున్న ఇశ్రాయేలుకి, వాళ్ళకి ఇచ్చే దేశంలో, వాళ్ళు ఉరిలో పడకూడదని చెప్పింది. హిజ్కియా పగలగొట్టింది తన రాజ్యంలో, యోషీయా శుభ్రం చేసింది యెహోవా మందిరంలో. గిద్యోనుకి దేవుడు మొదట చెప్పిన పని ఏంటి, నీ తండ్రి కట్టిన బయలు బలిపీఠం పడగొట్టు అని, మిద్యానీయుల దాని జోలికి పంపలేదు, వాళ్ళ నాన్నది. (పాపం భయపడి రాత్రి పూట పడగొట్టాడు. అదే గిద్యోను యుద్ధం గెలిచాక దోపుడు బంగారంతో ఏఫోదు (యాజకుడి వస్త్రం) చేయించి సొంతూరు ఒఫ్రాలో పెడితే జనమంతా దాని వెంట పడ్డారు, విగ్రహాన్ని కూలగొట్టినవాడి చేతిలోంచే ఇంకోటి వచ్చింది.) అష్డోదులో ఫిలిష్తీయుల దేవుడు దాగోను, దేవుని మందసం (ఒడంబడిక పెట్టె) ముందు బోర్లాపడినప్పుడు ఆ గుళ్ళో గొడ్డలి పట్టుకున్న ఇశ్రాయేలీయుడు ఒక్కడూ లేడు. ఆ దెబ్బకి ముందు ఇశ్రాయేలే మందసాన్ని తాయెత్తులాగ యుద్ధానికి మోసుకుపోయి ముప్పై వేల మందిని పోగొట్టుకుంది.

కొత్త నిబంధనలోకి వస్తే అసలు ప్రశ్నే లేదు. పౌలు ఏథెన్సులో విగ్రహాలు చూసి లోపల కుతకుతలాడిపోయాడు అని రాసుంది, అయినా లేచి మాట్లాడినప్పుడు మర్యాదగా, వాళ్ళ కవుల మాటలే ఎత్తి మాట్లాడాడు. ఎఫెసులో అర్తెమి దేవి గుడి ఎంత పెద్దదో లోకానికి తెలుసు, అక్కడ పౌలు రెండేళ్ళకి పైనే ఉన్నాడు, అల్లరి లేచినప్పుడు ఆ ఊరి కరణం, విశ్వాసి కూడా కాదు, జనం ముందు నిలబడి వీళ్ళు గుడి దోచినవాళ్ళు కారు, మన దేవతని దూషించినవాళ్ళూ కారు అని సాక్ష్యం ఇచ్చాడు. అపొస్తలుల కార్యాలు 19:37. అదే ఊళ్ళో తగలబెట్టింది ఏంటి? విశ్వాసులు తమ సొంత మంత్రాల పుస్తకాలు తెచ్చి తగలబెట్టుకున్నారు, యాభై వేల వెండి నాణేల విలువ. పక్కోడి ఇంట్లోవి కాదు.

2020 డిసెంబర్ ఆఖర్లో రామతీర్థం కొండ మీద రాముడి విగ్రహం ధ్వంసమైనప్పుడు విజయనగరం జిల్లా ఎలా ఉడికిపోయిందో మీకు గుర్తుండే ఉంటుంది. అది ఎవరు చేశారన్నది చట్టం చూసుకోవాల్సిన పని, నా పని కాదు. నాకు బాధ కలిగించింది వేరే, ఆ వారం మా సంఘంలో దాని గురించి ప్రార్థన చెయ్యమంటే కొందరు పెద్దలు మొహాలు చూసుకున్నారు. పక్కింటివాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటుంటే మనం మాట్లాడకపోవడం మన విశ్వాసానికి బలం అనుకున్నట్టున్నారు. రేపు మన జిల్లాలో అల్లరి లేస్తే మన గురించి కూడా అలా నిలబడి చెప్పే కరణం, ఎమ్మార్వో, సర్పంచి ఎవరైనా ఉన్నారా అని ఆలోచించండి. పైడితల్లి సిరిమాను రోజున మన విజయనగరం చుట్టాలు ఇళ్ళల్లో తలుపులేసుకుని కూర్చుంటారు, మొక్కకూడదంటే సరే, నేనూ మొక్కను, నా విశ్వాసం నాది, కానీ ఎండలో నడిచొచ్చే ఊరి జనానికి మంచినీళ్ళు ఇవ్వకూడదని ఏ వచనంలో ఉంది?

ఒకటి మాత్రం అపార్థం చేసుకోకండి, విగ్రహారాధన చిన్న విషయం అని నేను అనట్లేదు. చాలా పెద్ద విషయం అంటున్నాను, అందుకే దేవుడు దాన్ని తన ఇంట్లో అంత సీరియస్‌గా తీసుకున్నాడు. యరొబాము బేతేలులో ఒకటి, దానులో ఒకటి దూడలు నిలబెట్టాడు, కారణం జనం యెరూషలేముకి పోతే తన కుర్చీ పోతుందన్న భయం, భక్తి ఏం కాదు. దేవుడు ప్రవక్తని పంపించాడు, బలిపీఠం బద్దలైంది, యరొబాము చెయ్యి ఎండిపోయింది, బతిమాలితే ఆ చెయ్యి మళ్ళీ బాగుచేశాడు కూడా. ఆ తర్వాత ఏలీయాని పంపాడు, ఎలీషాని పంపాడు, ఆమోసుని, హోషేయని పంపాడు. సమరయ పడిపోయింది క్రీ.పూ. 722లో, అంటే రెండు వందల ఏళ్ళు ఆగాడు. మనం ఎవరైనా సంఘం మారితే రెండు వారాలు ఆగం. న్యాయాధిపతులు 10లో అయితే విసిగిపోయి, మీరు కోరుకున్న ఆ దేవతల దగ్గరికే పోయి మొరపెట్టుకోండి, వాళ్ళే రక్షిస్తారు అంటాడు. తర్వాత రెండు వచనాలకే వాళ్ళ అవస్థ చూసి ఆయన ప్రాణం తట్టుకోలేదని రాసుంది. హోషేయ 11లో నిన్ను ఎలా వదిలిపెట్టేది ఎఫ్రాయిమూ అని తనలో తానే కొట్టుమిట్టాడతాడు. మందిరం వదిలి వెళ్ళిపోయిన ఆ యెహెజ్కేలు 11లోనే, చెరలో ఉన్నవాళ్ళకి నేనే అక్కడ పరిశుద్ధస్థలంగా ఉంటాను, రాతిగుండె తీసి మాంసపు గుండె ఇస్తాను అన్నాడు. గుడి వదిలేసి జనం వెనకాల చెరలోకి పోయాడు. ఈ దేవుడి గురించి మన కూటాల్లో వినాలని ఉందండి, ఆయన కోపం గురించి కూడా వినాలనే ఉంది, కానీ మొత్తం వినాలని ఉంది.

అందుకని అడుగుతున్నది ఏటంటే, వచ్చే సీజన్ కూటాల్లో యెహెజ్కేలు తీస్తే 8 నుంచి 11 దాకా మొత్తం చదవండి, మధ్యలో ఆపి అరసవల్లి వైపు చెయ్యి చూపించొద్దు. హారన్ స్పీకర్లు రోడ్డు మీదికి, గుడి మీదికి తిప్పి కట్టకండి, లోపల కూర్చున్నది మేమే, వాక్యం మాకు కావాలి. మీ ఫోటోలున్న నూనె సీసాలు ఉన్నవాళ్ళు, ఎవరన్నది మీకు తెలుసు, స్టిక్కర్లు పీకెయ్యండి. మండల పాస్టర్స్ ఫెలోషిప్‌లో ఈ విషయం ఎజెండాలో పెట్టండి, పెట్టలేకపోతే ఎందుకు పెట్టలేదో మాలాంటోళ్ళకి చెప్పండి, ఆడమనిషి అడిగిందని పక్కన పెట్టొద్దు, హుల్దా ప్రవక్త్రి దగ్గరికి యోషీయా రాజే మనుషుల్ని పంపించాడు.

అన్నిటికన్నా ముందు, ఇది మాత్రం వాయిదా వెయ్యొద్దు: ఉద్దానం వైపు స్వస్థత కూటం పెట్టే ప్రతి ఒక్కరూ ప్రార్థనకి ముందే మైకులో గట్టిగా చెప్పండి, బీపీ మాత్రలు, కిడ్నీ మందులు ఎవరూ మానొద్దు, డాక్టర్ అడక్కుండా ఒక్క బిళ్ళ కూడా ఆపొద్దు అని. సోంపేట, పలాస ఆస్పత్రుల్లో డయాలసిస్ బెడ్ల పక్కన నిలబడి చూసినవాళ్ళు ఎవరైనా మీలో ఉంటే వాళ్ళ చేతే చెప్పించండి.

ఇట్లు,
మీ సంఘాల్లోనే పెరిగిన ఒక సండే స్కూల్ టీచర్,
శ్రీకాకుళం